కంఠస్థం పట్టిన చూపు

"చివరి వరుస చదవండి తాతగారూ," అంది ఇంటింటికీ తిరిగి కళ్ళు పరీక్షిస్తున్న నర్సు.

ఆమె గోడకు తగిలించిన అట్టమీది అక్షరాలు తాతకు మసకమసగ్గా కూడా ఆనలేదు. ఆ మాట చెబితే ఆపరేషనంటారని భయం. అందుకే ఇందాక భార్య చదువుతుంటే చెవులు రిక్కించి విని, కంఠస్థం పట్టేశాడు.

"గ, ప, త, ల!" అన్నాడు దర్జాగా.

నర్సు టార్చి వేసి ఇద్దరి కళ్ళూ చూసి, నవ్వాపుకుంది. "బామ్మగారు చదివినవి నాలుగూ తప్పే. మీరూ అవే తప్పులు అప్పజెప్పారు. ఇద్దరికీ శుక్లాలే. ఈ ఊళ్ళో చూపు తగ్గిన పెద్దవాళ్ళలో చాలామందికి ఇదే బాధ."

తాత భార్యవైపు తిరిగాడు. "నీకూ కనబడదా? మరి రోజూ మనల్ని రోడ్డు దాటిస్తున్నదెవరే?"

"మీరే అనుకున్నానండీ!" అంది బామ్మ కిసుక్కున నవ్వి.

తాతా నవ్వబోయాడు గానీ, పక్కనే కీచుమని ఆగే బస్సులు గుర్తొచ్చాయి. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపరేషన్ ముందు నాకే చెయ్యండమ్మా," అన్నాడు నర్సుతో. "తరవాత ఈవిణ్ణి ఆసుపత్రికి తీసుకురావడానికి కళ్ళున్నవాడొకడు కావాలిగా!"