అరికాలి చుక్క

"ఈ కుందేళ్ళు బంద్ చేయాలత్తా. కార్టూన్ కంపెనీవాళ్ళు ఫోటోలు చూశారంట. కాపీరైట్ వాళ్ళదంట, అమ్మితే కేసు పెడతారంట," అంది కోడలు నీలిమ, ఫోన్ బోర్లా పెట్టి.

భిలాయి సెక్టర్ 4 మేళా కోసం ఊలుతో నీలం కుందేలు బొమ్మ అల్లుతున్న తులసమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"నా సేత్తో అల్లితే ఆళ్ళదెలగవుద్దే?"

"అల్లింది నువ్వే. కుందేలు వాళ్ళది."

"పోనీ, రంగు మార్చేత్తాను."

"చెవులు, పళ్ళు అన్నీ వాళ్ళవే అత్తా. ఇక వదిలెయ్."

"మానేస్తే నాకు పొద్దెలా పోద్దే?"

తులసమ్మ బొమ్మను తిప్పి తిప్పి చూసి, ఎడమ అరికాలి దగ్గర ఆగింది. ప్రతి బొమ్మకీ అక్కడ నల్లదారంతో దిష్టిచుక్క కుట్టడం ఆమె అలవాటు.

"మరి ఈ సుక్క?"

"అది... మనదే."

తులసమ్మ ముఖం విప్పారింది. చెవులు ఊడదీసింది. నీలం ఊలు పక్కన పడేసి గోధుమరంగు ఊలు అందుకుంది.

"అయితే పాపాయిని అల్లుతాను. దాన్ని ఏ కంపెనీవోడు అడుగుతాడు?"

నీలిమ వంటింట్లోకి పోయి కొళాయి తిప్పింది. ఏ కంపెనీవాళ్ళూ ఏమీ అనలేదు. ఆ కుందేలు కార్టూన్ పెడితే తప్ప ముద్ద మింగని తన కూతురికి, రోజూ స్నానం చేయించి ఎడమ అరికాలికి నీలిమే కాటుకచుక్క పెట్టేది. పాప పోయాక ఆ చుక్క ప్రతి బొమ్మకీ కనబడుతుంటే చూడలేక, మానేయమని అత్తతో అనలేక, అబద్ధమాడింది.

ముందుగదిలోంచి తులసమ్మ కేకేసింది.

"నీలిమా, మన పాపకి జుట్టు ఎందాకా ఉండేదే?"