పేలని రెండు తూటాలు

లారీ నడిపే క్లీట్ చవక రివాల్వరొకటి తెచ్చి వెల్డా బల్ల మీద పెట్టాడు. అమెరికా వయోమింగ్ రాష్ట్రం‌లోని ఆ చిన్న ఊళ్లో తుపాకులు బాగుచేసేది ఆ ముసలావిడే.

"మా ఆవిడది. నొక్కితే పేలట్లేదు. వారంటీ పోయిన నెలే అయిపోయింది."

"అయ్యేదాకా ఆగి మరీ చెడతాయి, మహాతల్లులు!" అంటూ వెల్డా తూటాలు బయటికి తీసింది. రెండింటి వెనక సన్నటి నొక్కులున్నాయి. "లోపల స్ప్రింగు సడలింది. దెబ్బ పడుతోంది గానీ బలం చాలట్లేదు."

అరగంటలో కొత్త స్ప్రింగు వేసి, పెరట్లో మట్టిదిబ్బ మీద ఆరుసార్లు కాల్చింది. ఆరూ పేలాయి.

"ఇంతకీ దేన్ని కాల్చబోయింది అబ్బాయ్, పామునా?"

"నన్నే." క్లీట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "చెప్పినదానికంటే ఒకరోజు ముందే వచ్చా. తాళంచెవి లేక వంటింటి కిటికీలోంచి దూరా. దొంగనుకుంది."

"మరి దీన్ని బాగుచేయించడమేంట్రా, పిచ్చోడా!"

"నిజంగా దొంగే అయ్యుంటే ఏమయ్యేదోనని అప్పట్నుంచీ ఆవిడకి నిద్ర లేదు. నేనేమో నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటా. అది పేలాల్సిందే."

రివాల్వరు అందుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నవ్వాడు.

"నేనే ఇకమీద తలుపు కొట్టి వెళ్తాలే."