ఏట్లో బస్సు

"ఆ బస్సు ఫిర్యాదు మొన్ననగా రిజాల్వ్ చేసీసినాను. ఇంకా క్లోజ్ చెయ్యవేటి?" నరేష్ కుర్చీ తిప్పుకుని మరీ అడిగాడు.

అతను చేసినవి సరిచూసే మెర్సీ కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. "బాగుచేసీసినానని నువ్వంటే అది రిజాల్వ్. బాగయిందని నేను కళ్ళారా చూస్తే అది క్లోజ్. రెండూ ఒకటే అయితే నన్నెందుకు పెట్టుకున్నారు మరి?"

శ్రీకాకుళంలోని ఆ చిన్న ఆఫీసు ఓ కాలేజీకి బస్సు యాప్ చేసిచ్చింది. బస్సు ఎక్కడుందో ఫోన్లో చుక్కలా కనిపిస్తుంది. అంతా బాగానే ఉంది గానీ, పద్మకుమారి అనే తల్లి ఫిర్యాదు పెట్టింది. 'మా అమ్మాయి బస్సు దిగి ఇంటికొచ్చాక చూస్తే ఆ బస్సు నాగావళి ఏట్లో ఉంటన్నాది. ఇలాంటి యాప్‌ని నమ్మి పిల్లని ఎలా ఎక్కించమంటారు?'

"సిగ్నల్ అటూ ఇటూ అయ్యి బస్సుని ఏట్లో పడేస్తంది, అంతే," అన్నాడు నరేష్. "ఇంక చుక్క రోడ్డు దాటకుండా కట్టేశాను. రేపు ప్రిన్సిపాల్‌కి చూపించాలి. ఇదొక్కటీ మిగిలితే యాపే వద్దంటారు. ఇంకేటి చూస్తావు?"

"బస్సెక్కి చూస్తాను."

సాయంత్రం మెర్సీ కాలేజీ బస్సెక్కి, డ్రైవర్ నరసింగరావు వెనక సీట్లో కూర్చుంది. ఏ స్టాపులో చూసినా చుక్క బస్సు ఉన్నచోటే ఉంది. పాపం, బాగానే చేశాడు, ఊరికే సతాయించాను అనుకుంది. ఆఖరి పిల్ల దిగిపోయేసరికి నరేష్ ఫోన్ చేశాడు.

"అయ్యిందా?"

"అయిపోయిందిలే. ఎక్కడా తేడా లేదు. క్లోజ్ చేసేస్తన్నాను."

వేలు ఫోను మీద పెట్టబోతుంటే బస్సు ఒక్క కుదుపు కుదిపి గట్టు దిగింది. చక్రాల కింద ఇసుక కరకరలాడింది. కాసేపటికి ఆ చప్పుడూ లేదు. కిటికీలోంచి తొంగి చూస్తే అన్నీ నీళ్ళే. ఫోన్లో చుక్క మాత్రం వంతెన దగ్గర రోడ్డు మీద నిక్షేపంగా ఉంది.

"బాబాయ్, ఇదేటి, ఏట్లోకి దించీసినావు?"

నరసింగరావు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుంటూ, "బస్సు కడగాల గదమ్మా. రోజూ ఇక్కడే," అన్నాడు. బకెట్టు అందుకోబోయి ఆగాడు. "నువ్వా యాపు ఆఫీసు పిల్లవే గదా?"

ఫోన్లో నరేష్ "క్లోజేనా? క్లోజేనా?" అంటున్నాడు. మెర్సీ స్పీకరు నొక్కి ఫోను నరసింగరావు వైపు పెట్టింది. "చెప్పు బాబాయ్."

"ఏటి నేదమ్మా. నాను ఏట్లో దిగినట్టు ఫోన్లో కనపడగానే మా ఇంటిది టీ అట్టుకొచ్చేది. మొన్నట్నుంచి మీ యాపు పాడైపోనాది."