అమ్మమ్మ చూపించిన దయ్యం

పొద్దున్నే బ్యూలా కూతురి గదిలోకి వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. ఏడేళ్ల పిల్ల పక్క గదిలో అమ్మమ్మ లీలమ్మను గట్టిగా పట్టుకుని నిద్రపోతోంది. నిన్న సాయంత్రం దానికి దయ్యం సినిమా చూపించానని మెలకువగానే ఉన్న లీలమ్మ చెప్పింది.

బ్యూలాకు కోపం వచ్చింది. "పదమూడేళ్లు దాటినోళ్లకే అని టీవీల ముందే రాసి వస్తది గదమ్మా. చిన్నపిల్లకు గసొంటివి చూపిస్తవా?"

"నీకు ఆరేండ్లప్పుడు పటాన్‌చెరు టాకీసుకు తోల్కపోయి ఇంతకన్న పెద్ద దయ్యాన్ని సూపించిన. అప్పుడు వయసెవ్వరడిగిండ్రు?" అంది లీలమ్మ నవ్వుతూ.

"చూపించినవ్. రెండు నెలలు భయంతోని నీ పక్కలనే పండుకున్న. యాదికుందా?"

"యాదికుంది గనకనే గీ సినిమా పెట్టిన." లీలమ్మ గొంతు తగ్గించింది. "ఇప్పటి పిల్లలకు బుడ్డగున్నప్పటి సంది వేరే గది. ఇది నా పక్కల ఒక్కనాడన్న పండుకున్నదా?"

బయట బొల్లారం వెళ్లే కంపెనీ బస్సు హారన్ కొట్టింది. బ్యూలా బ్యాగు తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"ఇయ్యాల గూడ ఒకటి పెట్టమ్మా. నేను డ్యూటీ నుంచి వచ్చినంకనే పెట్టు. నాకు గూడ భయమైతది."