తలా ఎన్ని?

ఆ నెలలో గేజా చోంకా ఆమె గదికి రావడం అది మూడోసారి. చెక్ దేశంలోని ఓస్ట్రావా ఊళ్లో రోడ్లకు రాళ్లు పరిచే మనిషి. చెప్పులరిగేలా తిరగడం అతనికి కొత్త కాదు గానీ, విశ్వవిద్యాలయంలో నాలుగో అంతస్తు ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. మెట్లెక్కడానికి కూడా పరీక్ష పెడితే ఈసారి తప్పకుండా పాసవుతానన్నాడు.

డాక్టర్ లిబూషే హవ్రానోవా నవ్వలేదు. కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. ఆమె మనస్తత్వ శాస్త్రవేత్త. పుర్రెలు కొలిచి ఏ జాతి తెలివైందో తేల్చిన పాతకాలపు పండితుల మీద ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలు రాస్తోంది. కొలతటేపు పోయి ప్రశ్నపత్రం వచ్చింది, బుద్ధి మాత్రం మారలేదని ప్రతి సభలోనూ చెబుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. మర్నాడు మళ్లీ ఎవరి పని వాళ్లది. ఆమెకు విసుగొచ్చి చాలా కాలమైంది.

గేజా మనవరాలు ఎరికాకు ఆరేళ్లు. ఏ బడికి పంపాలో సోమవారం తేలుస్తారు. తాత మందబుద్ధుల బడిలో చదివాడు, తండ్రీ అక్కడే చదివాడు, ఈ రోమా జిప్సీల రక్తంలోనే ఉంది, పిల్లనీ అక్కడికే పంపుదామని విద్యా కార్యాలయంలో అంటున్నారు. అన్నిటికీ మూలం చిన్నప్పుడు తాత తెలివికి పెట్టిన పరీక్ష కాగితం. దాన్ని కొట్టేయాలంటే పరీక్ష పెట్టినవాళ్లే తప్పయిందని రాసివ్వాలట.

అతను ఆ కాగితం నకలు బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"అప్పుడు నాకు ఏడేళ్లు. ఆరు బన్నులు, మీ అమ్మా, నాన్నా, నువ్వూ, తలా ఎన్ని అని పరీక్ష పెట్టినామె అడిగింది. మూడేసి అన్నాను."

"రెండేసి కదా."

"మా అమ్మ తినేది కాదు డాక్టరమ్మా. ఎప్పుడు పెట్టబోయినా, నేను ముందే తిన్నాననేది."

కాగితంలో ఆ జవాబు పక్కన 'భాగహారం రాదు, మందబుద్ధి' అని రాసుంది. కింద సెడ్మికోవా అని సంతకం. ఆ ఒక్క ముక్కతో, రైలింజను నడపాలనుకున్న పిల్లాడు రాళ్లు మోశాడు.

సెడ్మికోవా అనే మనిషి దొరకదని లిబూషే మొదటిసారే చెప్పింది. రెండోసారి, బతికుందో లేదో అంది. ఈసారి ఆమెను కాస్త వెనకేసుకొచ్చింది. చరిత్ర రాసేవాళ్లు ఎవరినీ వెంటనే తిట్టరు. ఇరవై నాలుగేళ్ల పిల్ల అయ్యుంటుంది, ఒక్క పూటలో ఇరవై మందిని చూడాలి, కింద ఆఫీసు కారు ఆగి ఉంటుంది, పైవాళ్లు నేర్పిందే చేసుంటుంది అంది. గేజా తలూపుతూ విన్నాడు.

"ఒప్పుకుంటే ఆమెకు ఏం పోతుంది?" అన్నాడు.

"పేరు పోతుంది చోంకా గారూ. ఆ తర్వాత జీవితమంతా చేసిన పని మీద జనం ఉమ్మేస్తారు."

"మా ఎరికాకు ఇంకా పేరే రాలేదు."

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, ఆ పరీక్షకు శాస్త్రం లేదు, న్యాయం అసలే లేదంటూ రెండు పేజీల అభిప్రాయం రాసింది. అచ్చు తీసి, డాక్టర్ లిబూషే హవ్రానోవా అని సంతకం చేసి ఇచ్చింది. తనవల్ల అయ్యేది ఇంతేనంది.

గేజా వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. రెండు పేజీలూ అయ్యాక కాగితాన్ని మళ్లీ ఆమె వైపే తిప్పాడు. అతని గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

"ఈ పేరు కొట్టేసి, ఆ రోజు నా కాగితం మీద పెట్టిన సంతకమే పెట్టండి డాక్టరమ్మా, పెళ్లికి ముందు మీకున్న పేరుతో."