మరదూడ

గోడ మీది అద్దం రోజూ పొద్దున్నే పిల్లల ఎముకలు చూసి చెప్పే కాలం వచ్చింది. మూడేళ్ల తారకి రాగిజావ, నువ్వుండలు, మునగాకు పొడి చాలు, ఏ లోటూ లేదని హైమ ఇంటి అద్దం చెబుతూనే ఉంది. హైమకే నమ్మకం కుదరలేదు. చదువు ఏడో తరగతితోనే ఆగిపోయిందాయె. "ఆవుపాలు తాగని పిల్లకి నడుం నిలబడదే" అని పక్కింటి ముత్యాలత్త అన్న మాట చెవిలో జోరీగై కూర్చుంది.

ఆవుని పెంచే కొట్టం ఊరవతల ఒక్కటే మిగిలింది. హైమ పిల్లని చంకనేసుకుని, చెంబు పట్టుకుని అక్కడికే వెళ్లింది. పాలు పితికే సింహాద్రి, ఆవు ముందు దూడని నిలబెట్టి మీట నొక్కాడు. దూడ తోక ఊపి అంబా అంది. ఆవు దాన్ని నాకుతూ చేపింది, పొదుగులోకి పాలు దిగాయి.

"మరబొమ్మా బాబూ?"

"అవునమ్మా. దూడ పుట్టిన మూడోనాడే పోయింది. తోలూ, గొంతూ దానివే. మా తాతలు తోల్లో గడ్డి కూరేవోరు, ఇప్పుడు ఊపిరి కూడా పెట్టేరు. ఇది లేపోతే సుక్క సేపదు."

చెంబు నిండగానే మీట కట్టేశాడు. బొమ్మ మెడ వాలిపోయింది. ఆవు మాత్రం ఇంకా నాకుతూనే ఉంది.

హైమ చెంబు అక్కడే వదిలేసి వచ్చింది. ఇంట్లో నువ్వులు వేయించి, బెల్లంతో దంచి ఉండ చేసిపెట్టింది.

"అమ్మా, దూడ బజ్జుందా?" అంది తార, నములుతూ.

"ఊఁ."

కాసేపటికి తార ఒళ్లోనే నిద్రపోయి మెడ వాల్చింది. హైమ చప్పున పిల్ల గుండె మీద చెవి ఆనించింది. కొట్టుకుంటోంది. అయినా చెవి తియ్యలేదు.