ఇంటి మంద

గొర్రెల మందలో పుట్టిన కుక్కను ముచ్చటపడి ఓ ఇంటివాళ్ళు పెంచుకోవడానికి తెచ్చుకున్నారు. పాలన్నం పెట్టారు, మెత్తటి గోనె పరిచారు. పని మాత్రం చెప్పలేదు.

పొద్దున్నే అందరూ తలో దిక్కూ వెళ్ళిపోతుంటే కుక్క గేటు దగ్గర అల్లాడిపోయేది.

"మంద చెదిరిపోతోంది పిల్లి అత్తా!"

గోడ మీది ముసలి పిల్లి విసుక్కునేది. "వాళ్ళు గొర్రెలు కారురా అబ్బాయ్. సాయంత్రానికి వాళ్ళే వస్తారు. తిని పడుకో."

"నేను తోలకుండా ఎలా వస్తారు?"

ఆఖరి మనిషి గడప దాటి లోపలికి వచ్చేదాకా కుక్కకు కునుకు పడేది కాదు.

ఒకరోజు ఆ ఇంటి చిన్నపిల్ల ఒక్కతే గేటు దాటి రోడ్డెక్కబోయింది. కుక్క పరుగున వెళ్ళి, గొర్రెపిల్లను మళ్ళించినట్టే మడమ మీద పంటితో మెల్లగా నొక్కింది. పిల్ల ఏడుస్తూ ఇంట్లోకి పరిగెత్తింది.

"పిల్లల్ని కరిచే కుక్క మనకెందుకు?" అన్నాడు ఇంటాయన. దాన్ని ఆటో ఎక్కించి తీసుకెళ్ళి, ఊరి బయట వదిలేసి వచ్చాడు.

సాయంత్రం అందరూ ఇల్లు చేరి తలుపేసుకున్నారు. పిల్లి గోడ దిగి గేటు దగ్గర కూర్చుంది. తిని పడుకుందామనుకుంది గాని, మందలో ఒకటి ఇంకా ఇల్లు చేరలేదని దానికి నిద్ర పట్టలేదు.